ఎత్తు మడమలు: పాదం, పిక్క, మోకాలు

రామప్ప గుడికి పోయినవాళ్ళు ఒక బొమ్మను చూసే ఉంటారు. గుడి బయటి స్తంభాల మీద, చూరు కింద, నల్లరాతి మదనికలు ఉంటారు కదా. వాళ్ళలో ఒకామె కాళ్ళకు చెప్పులున్నాయి. మడమ కింద ఎత్తు పెట్టిన చెప్పులు. గైడ్లు వేలు పెట్టి మరీ చూపిస్తారు. "చూడుండ్రి, హైహీల్స్!" అంటారు. చూసినవాళ్ళు నోరు తెరుస్తారు. ఎందుకంటే ఆ గుడి 1213 నాటిది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించాడు. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. అంటే ఎనిమిది వందల ఏళ్ళ కిందట మన నేల మీదే ఒక శిల్పి ఎత్తు మడమలను ఉలితో చెక్కాడు.

కాబట్టి హైహీల్స్ నిన్నమొన్న సినిమాలు చూసి నేర్చుకున్న సోకు అనుకోవద్దు. ఇంకో సంగతి కూడా వినండి. యూరప్‌లో ఈ చెప్పులను ముందు తొడిగింది మగవాళ్ళు. పర్షియా గుర్రపు సైనికులు మడమ ఎత్తున్న జోళ్ళు వేసుకునేవారు. గుర్రం పరుగెత్తుతుంటే రికాబులో కాలు పెట్టి, లేచి నిలబడి బాణం వెయ్యాలి. కాలు జారకుండా రికాబుకు ఆ మడమ పట్టు ఇచ్చేది. ఆ అలవాటు పర్షియా నుంచి యూరప్‌కు పోయింది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఎర్రరంగు మడమల జోళ్ళు తొడిగి దర్బారులో తిరిగాడు. ఆడవాళ్ళ కాళ్ళకు సన్నని సూది మడమ వచ్చింది మాత్రం చాలా తర్వాత, 1950లలో. లోపల ఉక్కు కడ్డీ పెట్టడం నేర్చాక అంత సన్నని మడమ కూడా మనిషి బరువును ఆపగలిగింది.

గుర్రం మీద కూర్చున్న మనిషికి ఆ చెప్పు పనికొచ్చింది. నడిచే మనిషికి, పొద్దంతా నిలబడే మనిషికి అదే చెప్పు ఏం చేస్తుంది? ఈ రోజు మన ముచ్చట దాని గురించే.

ముందే ఒక మాట చెబుతాను, గుర్తుపెట్టుకోండి. ఈ ప్రసంగంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. చెప్పు ఎంత ఎత్తు అన్నది ఒక లెక్క. ఎన్ని గంటలు వేసుకున్నారన్నది ఇంకో లెక్క. ఎత్తు, గంటలు. ఈ రెండూ కలిసి పెరిగినకొద్దీ కాలికి కీడు ఎక్కువ.

ఇప్పుడు కూర్చుని వింటున్నవాళ్ళు ఒక పని చెయ్యండి. మీ పాదాన్ని చేతిలోకి తీసుకోండి. వేళ్ళతో మెల్లగా తడమండి. ఆ ఒక్క పాదంలో 26 ఎముకలున్నాయి. రెండు పాదాలకు కలిపి 52. ఒంట్లో ఉన్న మొత్తం ఎముకలు 206. అంటే దాదాపు నాలుగో వంతు ఎముకలు మన పాదాల్లోనే ఉన్నాయి. ఇన్ని చిన్న చిన్న ఎముకలు ఎందుకు? పాదం వంగాలి, విచ్చుకోవాలి, గరుకు నేల మీద సర్దుకోవాలి, అడుగు పడ్డప్పుడు దెబ్బను మింగాలి. మళ్ళీ ముందుకు తోసేటప్పుడు గట్టిపడాలి. ఇన్ని పనులు చెయ్యాలంటే ఒక్క పెద్ద ఎముక చాలదు.

వట్టి కాళ్ళతో నిలబడ్డప్పుడు మన బరువు ఎక్కడ పడుతుంది? ఎక్కువ భాగం మడమ మీద. మిగతాది పాదం ముందు భాగం మీద, వేళ్ళ మొదళ్ళ దగ్గర. మడమ ఎముక పెద్దది, గట్టిది. దాని కింద మందమైన మెత్త ఉంటుంది. బరువు మొయ్యడానికే ఉన్న చోటు అది.

హైహీల్స్ వేసుకోగానే ఈ పంపకం మారిపోతుంది. ఎలగందుల కోట గుట్ట దిగేటప్పుడు ఒళ్ళంతా ముందుకు తోస్తుంది, వేళ్ళు బిగుసుకుంటాయి, మోకాళ్ళు కొంచెం వంగుతాయి. హైహీల్స్ వేసుకున్న కాలికి చదును నేల కూడా అలాగే ఉంటుంది. గుట్ట అయితే ఎక్కడో ఒకచోట అయిపోతుంది. చెప్పు విప్పేదాకా ఈ దిగుడు అయిపోదు. బరువు మడమ మీది నుంచి జారి ముందు వేళ్ళ మొదళ్ళ మీద పడుతుంది. మడమ ఎత్తు పెరిగినకొద్దీ ముందు భాగం మీద భారం పెరుగుతుంది.

ఇక్కడ ఇంకో కష్టం తోడవుతుంది. చాలా హైహీల్స్ ముందు మొన తేలి ఉంటాయి. మన వేళ్ళు మాత్రం మొన తేలి ఉండవు కదా. పాదం అన్నిటికన్నా వెడల్పుగా ఉండేది వేళ్ళ దగ్గరే. చెప్పేమో అక్కడే ఇరుకు. పైనుంచి బరువు ముందుకు తోస్తుంది, పక్కల నుంచి చెప్పు నొక్కుతుంది. మధ్యలో ఐదు వేళ్ళు నలుగుతాయి.

నలిగిన చోట ఏమవుతుంది? తోలు తనను తాను కాపాడుకోవడానికి మందమవుతుంది. అదే ఆనెకాయ. చిటికెన వేలి మీద, వేళ్ళ మధ్య, అరికాలి ముందు భాగంలో వస్తుంది. ఆనెకాయను బ్లేడుతో కోసుకునేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. రాపిడి పెట్టే చెప్పును మార్చనిదే, కోసిన ఆనె మళ్ళీ వస్తుంది. పైగా పుండు పడుతుంది.

మన దగ్గర పెళ్ళయిన ఆడవాళ్ళకు మెట్టెలుంటాయి. బొటనవేలి పక్క వేలికి వెండి మెట్టె. తెరిచిన చెప్పులో అది హాయిగా ఉంటుంది. ముందు మూసిన ఇరుకు షూలో పెడితే ఆ వెండి చుట్టు పక్క వేళ్ళను ఒరుస్తుంది. సాయంత్రం షూ విప్పి చూస్తే వేలి పక్కన ఎర్రటి గాటు. మెట్టె వాడుకలో ఉన్న మన కాళ్ళకు ముందు భాగం వెడల్పున్న చెప్పు ఇంకా అవసరం.

వేళ్ళ నలుగుడు ఏళ్ళ తరబడి సాగితే ఎముకల వరసే మారొచ్చు. బొటనవేలు పక్క వేళ్ళ వైపు వాలిపోతుంది. దాని మొదట్లో లోపలి పక్కన ఎముక బుడిపెలా పొడుచుకొస్తుంది. డాక్టర్లు దీన్ని బనియన్ అంటారు. ఇది కొందరికి వంశపారంపర్యంగానూ వస్తుంది. అలాంటివాళ్ళు ఇరుకు చెప్పులు వేస్తే తొందరగా ముదురుతుంది. అమ్మకో అమ్మమ్మకో బొటనవేలు అలా వంకర తిరిగి ఉంటే, ఆ ఇంటి ఆడపిల్లలు ముందే జాగ్రత్తపడాలి. మరికొందరికి చిన్న వేళ్ళు మధ్యలో మడత పడి, పైకి లేచి, అలాగే బిగుసుకుపోతాయి. ఇంకొందరికి మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య నరం ఒత్తుకుని మందమవుతుంది. నడుస్తుంటే చెప్పులో గులకరాయి పడ్డట్టు అనిపిస్తుంది. విప్పి దులిపితే రాయి ఉండదు. వేళ్ళు మండుతాయి, తిమ్మిరెక్కుతాయి. ఇలా అనిపిస్తే చెప్పు మార్చాలి, డాక్టరుకు చూపించాలి.

ఇది పాదం కథ. ఇప్పుడు కొంచెం పైకి, పిక్కలోకి వద్దాం.

చాలామంది ఆడవాళ్ళు ఒక మాట అంటుంటారు. "హీల్స్ వేసుకుంటే ఏం గాదు గానీ, ఇంటికొచ్చి విప్పినంకనే పిక్కలు గుంజుతున్నయి" అని. వినేవాళ్ళకు విడ్డూరంగా ఉంటుంది. ఎత్తు చెప్పు విప్పితే హాయిగా ఉండాలి కదా, నొప్పి ఎందుకు? కానీ ఆ మాట నిజం. దాని వెనక కారణాన్ని కొలిచి చూసిన శాస్త్రవేత్తలు ఉన్నారు.

2010లో రాబర్ట్ చాపో, మార్కో నరీచి, వాళ్ళ తోటివాళ్ళు ఒక పరిశోధన ప్రచురించారు. రెండేళ్ళకు తగ్గకుండా, వారానికి ఐదుసార్లయినా, 5 సెంటీమీటర్లకు తగ్గని మడమలు వేసుకునే ఆడవాళ్ళను పిలిచారు. 5 సెంటీమీటర్లంటే దాదాపు రెండు అంగుళాలు. అదేమంత ఎత్తు కాదు, మన షాపుల్లో మామూలుగా దొరికేదే. వాళ్ళ పిక్కలను అల్ట్రాసౌండ్‌తో, ఎం.ఆర్.ఐ.తో చూశారు. చదును చెప్పుల ఆడవాళ్ళ పిక్కలతో పోల్చారు.

ఏం తేలింది? పిక్క కండ పరిమాణంలో తేడా లేదు. కానీ ఆ కండలోని పోగులు 10 శాతానికి పైగా పొట్టిగా ఉన్నాయి. పిక్కను మడమకు కలిపే పెద్ద స్నాయువు ఉంటుంది. మడమ వెనక చేత్తో పట్టుకుంటే తాడులా దొరుకుతుంది. మన ఇళ్ళలో దాన్ని మడమ నరం అంటారు. అది ఈ ఆడవాళ్ళలో మందంగా, బిరుసుగా ఉంది. చీలమండ వంగే మేర కూడా తగ్గింది.

ఇప్పుడు ఆ నొప్పి అర్థమవుతుంది. మడమ ఎప్పుడూ ఎత్తుగా ఉంటే పిక్క ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ముడుచుకున్న పొడవుకే అలవాటు పడుతుంది. చెప్పు విప్పి మడమ నేలకు దించగానే, పొట్టిబడ్డ కండను, బిరుసెక్కిన స్నాయువును లాగినట్టవుతుంది. అందుకే గుంజుడు. మరోసారి చెబుతాను. రోజూ వేసుకునే హీల్స్ పిక్కను పొట్టి చేస్తాయి, మడమ నరాన్ని బిరుసు చేస్తాయి. ఒక్క సాయంత్రానికి ఇలా కాదు. రోజూ, ఏళ్ళ తరబడి వేసుకుంటే అవుతుంది. ఎత్తు, గంటలు.

పిక్క పొట్టిబడితే ఏం మునిగిపోయింది అనుకోవచ్చు. కుర్చీలో కూర్చుని బతికే దేశాల్లో అది పెద్దగా తెలియకపోవచ్చు. మన బతుకు వేరు. మన దగ్గర గొంతుకు కూర్చోకుండా రోజు గడవదు. బట్టలు పిండాలన్నా, వాకిట్లో ముగ్గు వెయ్యాలన్నా, కూరగాయలు ఏరుకోవాలన్నా, మామూలు లెట్రిన్‌లో కూర్చోవాలన్నా, మడమలు నేలకు ఆనించి మోకాళ్ళు పూర్తిగా మడవాలి. అలా కూర్చోవాలంటే చీలమండ బాగా వంగాలి, పిక్క బాగా సాగాలి. సాగకపోతే మడమలు పైకి లేస్తాయి. మనిషి వెనక్కి పడిపోతుంది.

కాబట్టి ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. మోకాళ్ళ నొప్పులు లేనివాళ్ళు మాత్రమే చెయ్యండి. పక్కన కిటికీ చువ్వో, మంచం కోడో పట్టుకోవడానికి ఉండాలి. వట్టి కాళ్ళతో నిలబడి, పాదాలు కొంచెం దూరం పెట్టి, మెల్లగా గొంతుకు కూర్చోండి. మడమలు నేలకు ఆనాయా? ఇదివరకు ఆనేవి, ఇప్పుడు లేస్తున్నాయా? లేస్తుంటే మీ పిక్కలు బిగుసుకుంటున్నాయని గుర్తు.

నడక సంగతి కూడా ఉంది. ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారానికి 40 గంటలు, రెండేళ్ళకు పైగా హీల్స్ వేసుకున్న ఆడవాళ్ళ నడకను కొలిచారు. హీల్స్‌తో నడిచేటప్పుడు వాళ్ళ అడుగులు పొట్టిగా పడ్డాయి. కండరాలు ఎక్కువ పని చెయ్యాల్సి వచ్చింది. అదే దూరం నడవడానికి ఎక్కువ అడుగులు, ఎక్కువ అలసట. కరీంనగర్ టవర్ సర్కిల్ నుంచి బస్టాండ్ దాకా హీల్స్‌తో నడిచిన ఆడపిల్ల, చదును చెప్పులతో నడిచిన స్నేహితురాలి కన్నా ముందే అలిసిపోతే, అది ఆమె బలహీనత కాదు.

ఇప్పుడు మోకాలి దగ్గరికి వద్దాం. ఎక్కువ మంది తెలుసుకోవాల్సింది ఇక్కడే ఉంది.

అమెరికాలో కేసీ కెరిగన్ అనే వైద్యురాలు ఉన్నారు. మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళలో మోకాళ్ళ అరుగుదల ఎందుకు ఎక్కువ అన్న ప్రశ్న ఆమెను పట్టుకుంది. 1998లో ఆమె బృందం 20 మంది ఆరోగ్యవంతులైన ఆడవాళ్ళను హీల్స్‌తో, వట్టి కాళ్ళతో నడిపించి చూసింది. హీల్స్‌తో నడిచినప్పుడు మోకాలి లోపలి పక్కన భారం దాదాపు నాలుగో వంతు పెరిగింది. మోకాలి చిప్ప వెనక ఒత్తిడి కూడా పెరిగింది. మోకాలి అరుగుదల సాధారణంగా కనిపించే చోట్లు ఇవే. ఆ ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి.

అప్పుడు ఒక ఆలోచన వస్తుంది. సన్నని సూది మడమ కాబట్టి అలా అయింది, వెడల్పు మడమ అయితే పర్వాలేదేమో అని. మన షాపుల్లో కూడా ఇదే మాట చెబుతారు. "మేడమ్, ఇది బ్లాక్ హీల్, మోకాళ్ళకు ఏం గాదు" అంటారు. కెరిగన్ బృందం దాన్ని కూడా పరీక్షించింది. 2001లో ఫలితం వచ్చింది. వెడల్పు మడమతో కూడా మోకాలి భారం సన్నని మడమ అంతే పెరిగింది. తగ్గలేదు.

ఈ మాట ఇంకోసారి వినండి. వెడల్పు మడమ కాలు బెణకకుండా కొంత కాపాడుతుంది. నిలకడ ఇస్తుంది. కానీ మోకాలి మీద పడే భారాన్ని తగ్గించదు. మోకాలికి కావలసింది తక్కువ ఎత్తు. ఈ పరిశోధన కొలిచింది నడిచేటప్పటి భారాన్ని. మోకాళ్ళు అరగడానికి వయసు, ఒంటి బరువు, పాత దెబ్బలు, వంశం, ఇలా ఎన్నో కారణాలుంటాయి. ఇప్పటికే మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు మాత్రం ఆ అదనపు భారం అక్కర్లేని బరువే.

ఇక అన్నిటికన్నా తొందరగా జరిగే ప్రమాదం, కాలు బెణకడం. మన పెళ్ళిళ్ళను ఒకసారి గుర్తుచేసుకోండి. ఫంక్షన్ హాల్ నేల అంతా నున్నగా మెరిసే గ్రానైట్. మన కరీంనగర్ గ్రానైట్ దేశదేశాలకు పోతుంది. ఇక్కడి టాన్ బ్రౌన్ రాయికి ప్రపంచంలో పేరుంది. పాలిష్ పట్టిన ఆ రాయి మీద నీళ్ళో, పూలరెక్కలో, కూరో పడితే చదును చెప్పులే జారుతాయి. హీల్స్ సంగతి చెప్పేదేముంది! దానికి తోడు మడమ కింద రబ్బరు ముక్క అరిగిపోయి ఉంటుంది. లోపలి మేకు బయటికి వస్తుంది. గ్రానైట్ మీద ఇనుప మేకు పెట్టి నడవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. చెప్పులు కుట్టే అన్న దగ్గరికి పోతే ఆ రబ్బరు ముక్క కొద్ది డబ్బులకే మారుస్తాడు. పెళ్ళికి పోయే ముందు నగలు చూసుకున్నట్టే మడమ కింద కూడా చూసుకోవాలి.

తర్వాత బరాత్. డీజే మోగుతుంటుంది. రోడ్డు మీద గుంతలు, వైర్లు, కాలిపోయిన పటాకుల చెత్త. చీకట్లో, హీల్స్‌తో ఆట. మడమ ఎత్తుగా ఉన్నప్పుడు చీలమండ కీలుకు పట్టు తక్కువ. కొంచెం పక్కకు వంగితే చాలు, పాదం లోపలికి మడత పడి బయటి పక్క నరాలు తెగినంత పని అవుతుంది. ఒక్కోసారి ఎముక కూడా విరుగుతుంది. బెణికిన కాలిని వెంటనే గట్టిగా మాలిష్ చెయ్యొద్దు. నడక ఆపాలి. బట్టలో చుట్టిన ఐసు పెట్టాలి. గుడ్డ కట్టి కాలు ఎత్తు మీద పెట్టాలి. నాలుగడుగులు కూడా వెయ్యలేకపోతే, ఎముక మీద నొక్కితే నొప్పి పెడితే, ఎక్స్‌రే తీయించాలి.

పెళ్ళికూతురి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రిసెప్షన్‌లో పెళ్ళికొడుకు ఎత్తుకు సరిపోవాలని ఆమెకు నాలుగంగుళాల హీల్స్ తొడిగిస్తారు. లెహంగా కింద అవి ఎవరికీ కనపడవు. ఆమె గంటల తరబడి స్టేజీ మీద నిలబడుతుంది. వచ్చినవాళ్ళందరికీ దండం పెడుతుంది, ఫొటోకు నవ్వుతుంది. ఎత్తు ఉంది, గంటలూ ఉన్నాయి. ఆ అమ్మాయి పక్కనుండే అక్కలు, వదినలు ఒక పని చెయ్యొచ్చు. ఒక జత చదును చెప్పులు సంచిలో పెట్టుకుని రండి. ఫొటోల రద్దీ తగ్గగానే మార్పించండి. సోఫాలో కూర్చోబెట్టి పాదాలు పైకి కిందికి ఆడించమనండి. లెహంగా కింద ఏ చెప్పులున్నాయో ఫొటోలో పడదు.

మరి వట్టి కాళ్ళతో తిరిగితే సరిపోతుందా? ఈ ప్రశ్నకు జవాబు కొంత మన ఆదిలాబాద్ అడవుల్లోనే ఉంది. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. దానికి ముందు మెస్రం వంశస్థులైన గోండులు గోదావరి హస్తినమడుగుకు పోయి గంగాజలం తెస్తారు. రోజుల తరబడి నడక. చెప్పులు లేకుండా నడక. అలా చిన్నప్పటి నుంచి వట్టి కాళ్ళతో నడిచిన పాదాలను గమనిస్తే వేళ్ళు విడివిడిగా, విసనకర్రలా విచ్చుకుని నేలను పట్టుకుంటాయి.

1958లో హాంగ్‌కాంగ్‌లో ఇద్దరు వైద్యులు షూలు వేసుకునేవాళ్ళ పాదాలనూ, ఎప్పుడూ వట్టి కాళ్ళతో తిరిగేవాళ్ళ పాదాలనూ పోల్చి చూశారు. బొటనవేలు వంకర తిరగడం షూలు వేసుకునే ప్రతి ముగ్గురిలో ఒకరికి కనిపించింది. వట్టి కాళ్ళవాళ్ళలో నూటికి ఇద్దరికి మించి లేదు. మన పక్క రాష్ట్రం కర్ణాటకలో, మణిపాల్ వైద్యులు ఉదయభాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ 2,300 మంది పిల్లల పాదాలు పరీక్షించి 1992లో ఫలితాలు ప్రచురించారు. చదును పాదాలు వట్టి కాళ్ళతో తిరిగే పిల్లల కన్నా చెప్పులు, షూలు వేసుకునే పిల్లల్లోనే ఎక్కువ కనిపించాయి. ముందు మూసిన షూలు వేసుకునేవాళ్ళలో మరీ ఎక్కువ.

అంటే చెప్పులు మానెయ్యమని కాదు. పొలంలో తుమ్మముల్లు ఉంటుంది, పాము ఉంటుంది. రోడ్డు మీద గాజుపెంకు ఉంటుంది. ఎండాకాలం రామగుండంలో తారురోడ్డు మీద వట్టి కాలు పెట్టగలమా? చెప్పు కావాలి. పాదం ఆకారానికి సరిపోయిన చెప్పు కావాలి. పాదం ఇంకా పెరుగుతున్న చిన్నపిల్లలకు పుట్టినరోజు గౌను మీదికి మ్యాచింగ్ అని మడమ ఎత్తు చెప్పులు కొనకండి. వాళ్ళు ఇంట్లో, ఇసుకలో వట్టి కాళ్ళతో ఆడుకోవాలి.

ఇప్పుడు చెప్పులు కొనే దగ్గరికి పోదాం. ముందు ఇంట్లో ఒక తెల్ల కాగితం నేల మీద పెట్టండి. వట్టి కాలితో దాని మీద నిలబడండి. పెన్సిలుతో పాదం చుట్టూ గీత గియ్యండి. ఇప్పుడు మీ చెప్పును ఆ బొమ్మ మీద పెట్టి చూడండి. గీత చెప్పు బయటికి ఎంత కనపడుతోంది? అంత మేర మీ పాదం రోజూ నలుగుతోంది. ఆ కాగితాన్ని మడిచి షాపుకు తీసుకుపోండి.

షాపుకు సాయంత్రం పోండి. పొద్దంతా తిరిగాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి. పొద్దున సరిపోయిన చెప్పు సాయంత్రం బిగుతవుతుంది. రెండు కాళ్ళకూ తొడిగి, నిలబడి, నడిచి చూడండి. చాలామందికి ఒక పాదం ఇంకోదాని కన్నా కొంచెం పెద్దగా ఉంటుంది. పెద్ద పాదానికి సరిపోయింది కొనండి. "వాడితే వదులవుతుంది" అన్న మాట నమ్మొద్దు. వదులయ్యేలోపు వేలు నలుగుతుంది.

ప్లాట్‌ఫాం చెప్పుల గురించి కూడా అడుగుతుంటారు. ఇక్కడ చూడాల్సింది తేడా. మడమ కింద నాలుగంగుళాలు, వేళ్ళ కింద రెండంగుళాలు ఉంటే పాదం వాలు రెండంగుళాలే. వేళ్ళ మీద పడే బరువు తగ్గుతుంది. అయితే నేలకు దూరమయ్యారు కాబట్టి కాలు బెణికితే దెబ్బ గట్టిగా తగులుతుంది. రోజువారీ పనికి అంగుళం, అంగుళమున్నర మించకుండా, ముందు వెడల్పుగా, వెనక పట్టీ ఉన్న చెప్పు చాలు.

ఏళ్ళుగా రోజూ హీల్స్ వేసుకునేవాళ్ళు ఈ ప్రసంగం విని రేపే వాటిని పారేసి పూర్తి చదును చెప్పుల్లోకి దిగొద్దు. పొట్టిబడ్డ పిక్కను ఒక్కసారిగా లాగితే మడమ నరం నొప్పి చేస్తుంది. మెల్లమెల్లగా ఎత్తు తగ్గించండి. దాంతోపాటు రోజూ పిక్కను సాగదియ్యండి. ఎలాగంటే, గోడకు ఎదురుగా నిలబడండి. రెండు చేతులూ గోడకు ఆనించండి. ఒక కాలు ముందుకు పెట్టి మోకాలు వంచండి. వెనక కాలు తిన్నగా ఉంచండి, మడమ నేలకు ఆనించే ఉంచండి. ముందుకు వాలండి. వెనక పిక్కలో లాగినట్టు తెలుస్తుంది. అర నిమిషం అలాగే ఉండండి. కాలు మార్చండి. ఇలా మూడుసార్లు. మళ్ళీ చెబుతున్నాను: గోడకు చేతులు, వెనక కాలు తిన్నగా, మడమ నేలకు. ఊపొద్దు. నొప్పి పుట్టేదాకా లాగొద్దు.

ఇద్దరు మాత్రం హీల్స్‌కు దూరంగా ఉండాలి. ఒకరు గర్భిణులు. ఒంటి బరువు ముందుకు మారుతుంది, కీళ్ళ పట్టు సడలుతుంది, పాదాలు ఉబ్బుతాయి. జారిపడితే ఇద్దరికి దెబ్బ. రెండోవారు చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళు. షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. చెప్పు ఒరుస్తున్నా తెలియదు, పుండు పడ్డా తెలియదు. వాళ్ళు ఇరుకు చెప్పు అసలే వెయ్యకూడదు. రోజూ రాత్రి అరికాలిని చూసుకోవాలి, చూపు ఆనకపోతే ఇంట్లోవాళ్ళతో చూపించుకోవాలి. ఆనెకాయలకు అంటించే మందు పట్టీలు కూడా డాక్టరును అడగకుండా వాడొద్దు. వాటిలో ఆమ్లం ఉంటుంది.

చివరగా, చెప్పులను తమ ఇష్టంతో ఎంచుకోలేని ఆడవాళ్ళ గురించి మాట్లాడాలి. పెద్ద పెద్ద బట్టల దుకాణాల్లో, నగల షాపుల్లో, హోటల్ రిసెప్షన్లలో పనిచేసే ఆడపిల్లలు పొద్దున పదింటికి నిలబడితే రాత్రి దాకా నిలబడే ఉంటారు. దసరా, పెళ్ళిళ్ళ సీజన్ వస్తే చెప్పనే అక్కర్లేదు. కొన్నిచోట్ల యూనిఫాంతో పాటు హీల్స్ కూడా వేసుకోవాలంటారు. వాళ్ళకు ఎత్తు ఒకరు నిర్ణయిస్తారు, గంటలూ ఒకరే నిర్ణయిస్తారు.

2015లో లండన్‌లో నికోలా థోర్ప్ అనే యువతి రిసెప్షనిస్టుగా మొదటిరోజు పనికి చదును చెప్పులతో వెళ్ళింది. హీల్స్ లేవని ఇంటికి పంపేశారు. ఆమె వేసిన పిటిషన్ మీద లక్షన్నర మందికి పైగా సంతకం చేశారు. బ్రిటన్ పార్లమెంటు దాని మీద చర్చించింది. 2017లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం పనిలో హీల్స్ తప్పనిసరి చెయ్యకూడదని ఆదేశం ఇచ్చింది. నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే విరామాలు కూడా ఇవ్వాలంది.

మన దేశంలో ఈ మాట ఎత్తింది కేరళ సేల్స్ గర్ల్స్. కోజికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు, విజి నడిపిన పెణ్‌కూట్టు సంఘం వెంట నిలిచి, కూర్చునే హక్కు అడిగారు. 2018లో కేరళ దుకాణాల చట్టాన్ని సవరించి పనిచేసే చోట కుర్చీ ఉండాలన్నారు. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే వసతి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు.

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ దుకాణాల యజమానులు ఈ ప్రసంగం వింటుంటే వాళ్ళకు ఒక విన్నపం. కౌంటరు వెనక ఒక్కో స్టూలు వెయ్యండి. గిరాకీ లేని పది నిమిషాలు ఆ అమ్మాయిని కూర్చోనివ్వండి. యూనిఫాంలో హీల్స్ ఉంటే తీసెయ్యండి, మడమ తక్కువున్న మెత్తటి చెప్పులు వేసుకోనివ్వండి. పండగ సీజన్ కోసం పనివాళ్ళను తీసుకునేటప్పుడే ఈ ఏర్పాటు చెయ్యండి. ఇక షాపుకు పోయే శ్రోతలు, చీరలు చూపిస్తున్న అమ్మాయి కూర్చుని చూపిస్తే చిన్నబుచ్చుకోకండి. యజమాని ఎదురుగానే చెప్పండి: "కూసోని చూపియ్ బిడ్డా, మాకేం తొందర లేదు."